మత్స్యగెడ్డ మీద దోనె

గత ఏడాది మన సంఘం సమావేశం ముగిశాక ఇంటర్ చదివే ఒక తమ్ముడు ఫోన్ తెచ్చి నాకో వీడియో చూపించాడు. ఏదో దేశం. కొండల నడుమ జలాశయం. ఎర్రరంగు కయాక్‌లో ఒకతను కూర్చుని, తెడ్డు ఒళ్లో అడ్డంగా పెట్టుకుని గేలం వేస్తున్నాడు. చుట్టూ పొగమంచు, నీళ్లలో కొండ నీడ. "అన్నా, అచ్చం మన జోలాపుట్ లాగే ఉంది కదా! ఇవి మన దగ్గరికి ఎప్పుడొస్తాయో" అన్నాడు.

"మనవాళ్లు ఈ పని మొదలుపెట్టి డెబ్బై ఏళ్లయింది రా" అన్నాను. వేళాకోళం ఆడుతున్నాననుకుని నవ్వేశాడు. వాడి తాత దోనె తోలినవాడే. ఆ సంగతి వాడికీ తెలుసు. కాకపోతే తాత తోలింది 'నాటు పడవ', వీడియోలో ఉన్నది 'కయాక్'. ఒకటి పేదరికానికి గుర్తు, ఇంకొకటి సరదాకి గుర్తు. రెండూ ఒక కుదురు నుంచి వచ్చినవేనని ఏ పుస్తకమూ వాడికి చెప్పలేదు.

ఆ తమ్ముడి కోసమూ, వాడిలాంటి మీ అందరి కోసమూ ఇది రాస్తున్నాను.

ముందు ఆ రెండు పేర్ల సంగతి. కెనూ అనే మాట ఇంగ్లీషువాళ్లది కాదు. కరీబియన్ దీవుల్లో ఉండే తైనో అనే ఆదివాసులు ఒకే మానును తొలిచి చేసుకునే పడవను అలా పిలిచేవారు. 1492లో కొలంబస్ అక్కడికి చేరాక ఆ మాట స్పానిష్‌లోకి, అక్కడి నుంచి మిగతా భాషల్లోకి పాకింది. పేరు యూరప్‌కి చేరింది గాని, ఆ పేరు పెట్టిన జనం మాత్రం రోగాలకూ వెట్టిచాకిరీకీ కొద్ది తరాల్లోనే చాలామటుకు నశించిపోయారు. కయాక్ అనేది ఉత్తర ధ్రువ ప్రాంతపు ఇన్యూట్ ప్రజల మాట. చెట్లు మొలవని మంచునేలలో వాళ్లు సముద్రం ఒడ్డుకు చేర్చిన కర్రలతో, ఎముకలతో చట్రం కట్టి, సీల్ చర్మం తొడిగి, వేటగాడి ఒంటి కొలతకు సరిపడేలా కయాక్ చేసుకునేవారు. చొక్కా కుట్టించుకున్నట్టు అన్నమాట. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో ఈ రెండూ పతకాల పోటీలయ్యాయి. అంటే ప్రపంచం చప్పట్లు కొట్టే ఆ ఆటలో పడవలు రెండూ ఆదివాసుల చేతుల్లో పుట్టినవే. మానును తొలిచి చేసే మన దోనె కెనూకి తోబుట్టువు. అవతలి ఒడ్డున ఒడియాలో దాన్నే డొంగా అంటారు.

ఇక మన గెడ్డ. మ్యాపుల్లో మాచ్‌ఖండ్ అని రాసి ఉంటుంది. మనకది మత్స్యగెడ్డ. మాడుగుల కొండల్లో పుట్టి, పాడేరు, హుకుంపేట, పెదబయలు, ముంచంగిపుట్టు వైపు మెలికలు తిరుగుతూ ఉత్తరానికి పోతుంది. డుడుమ దగ్గర కొన్ని వందల అడుగుల లోతుకు ఒక్కసారిగా దూకి, దిక్కు మార్చుకుని, సీలేరు అనే పేరుతో దక్షిణానికి తిరుగుతుంది. ఆ తర్వాత శబరిలో, శబరితోపాటు గోదావరిలో కలుస్తుంది. చాలా దూరం ఇదే ఆంధ్రకూ ఒడిశాకూ సరిహద్దు. సరిహద్దు గీసింది ప్రభుత్వాలు. గెడ్డకు రెండు వైపులా ఉన్న చుట్టరికాలకు ఆ గీతతో పని లేదు. పెళ్లిళ్లకూ పండగలకూ సంతలకూ రాకపోకలు అప్పుడూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి.

పేరులోనే మత్స్యం ఉంది కదా. హుకుంపేట మండలం మఠం దగ్గరి మత్స్యగుండం మీలో చాలామంది శివరాత్రికి చూసే ఉంటారు. గెడ్డ అక్కడ బండల కింద దూరి కనబడకుండా పోయి, కొంత దూరంలో మళ్లీ పైకి వస్తుంది. అలా పైకి వచ్చే మడుగులో చేపలు గుంపులు గుంపులుగా ఉంటాయి. వాటినెవరూ పట్టరు. 1907లో డబ్ల్యు. ఫ్రాన్సిస్ రాసిన విశాఖపట్నం జిల్లా గెజిటీర్‌లో ఈ మడుగు ప్రస్తావన ఉంది. అవి మహాసీర్ చేపలని, మేత వేస్తే పైకి వస్తాయని, వీపు నిమిరినా బెదరవని ఆయన రాశాడు. ఒక కథ కూడా చెప్పాడు. ఎడ్ల మీద సరుకు మోసుకుపోయే ఒక బింజారీ వర్తకుడు అక్కడ చేపను పట్టి కూర వండుకున్నాడట. చేపల రాజు శపిస్తే వాడూ వాడి ఎడ్లూ రాళ్లైపోయారట. ఆ రాళ్లు ఇప్పటికీ అక్కడున్నాయని జనం చూపిస్తారు.

చేపకు ఈ కొండల్లో రాజరికం కూడా దక్కింది. ఒడ్డాదిని ఏలిన మత్స్య వంశం వాళ్లు తమ పుట్టుకను ఈ నదితోనే ముడిపెట్టుకున్నారు. క్రీ.శ. 1269 నాటి దిబ్బిడ తామ్ర శాసనంలో ఆ వంశం కథ ఉంది. తర్వాతి కాలంలో మాడుగుల జమీందార్లు చేపను పూజ్యంగా చూసి మడుగును కాపాడారని గెజిటీర్ చెబుతుంది. ఇక్కడ నాదొక మాట. జమీందారు మైదానం అంచున కోటలో ఉన్నాడు. ఆకలేసిన రోజున కూడా ఆ మడుగులో గేలం వేయకుండా ఆగింది పక్కన ఊళ్లలో ఉన్న మనవాళ్లు. పుస్తకంలో పేరు ఒకరిది పడింది, నియమం పాటించింది ఇంకొకరు.

పాత గెడ్డ పారే నీరు. వేసవిలో మోకాలు లోతు. అందులో చేపల వేట అంటే వాలులో రాళ్లు పేర్చి మధ్యలో వెదురు మావు పెట్టడం, మడుగుల్లో విసురు వల వేయడం, పిల్లలైతే గేలం. దాటడానికి రాళ్ల రేవులుండేవి. వానాకాలంలో పొంగితే పొంగు తగ్గేదాకా ఆగడమే. ఇదంతా మా తాత చెప్పగా విన్నది. ఆయన చిన్నతనంలో మా వైపు దోనెతో పని అంతగా పడలేదట. దాని అవసరం కట్టతో వచ్చింది.

డుడుమ దగ్గర నీరు అంత ఎత్తు నుంచి పడుతుంటే కరెంటు తీయవచ్చన్న ఆలోచన బ్రిటిష్ కాలం నాటిదే. 1940ల నడిమికి మద్రాసు, ఒరిస్సా ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక మద్రాసు వాటా ఆంధ్రకు వచ్చింది. 1955లో మాచ్‌ఖండ్ విద్యుత్ కేంద్రం పని మొదలుపెట్టింది. ఆ కేంద్రానికి ఏడాది పొడుగునా నీరు అందాలంటే ఎగువన నిల్వ కావాలి. అందుకే జోలాపుట్ కట్ట. పూర్తి నీటిమట్టం సముద్రమట్టానికి 2,750 అడుగులు, నిల్వ సుమారు 34 టీఎంసీలు. డుడుమ ఆనకట్ట దగ్గర మట్టం 2,590 అడుగులు. ఇంకా దిగువన సీలేరు మీద బలిమెల 1,516 అడుగులు. ఆ తర్వాత ఎగువ సీలేరు, డొంకరాయి, దిగువ సీలేరు కేంద్రాలు. ఒకే నీరు మెట్లు దిగుతూ ప్రతి మెట్టు దగ్గరా కరెంటు ఇచ్చి పోతుంది. ఎగువ సీలేరు సామర్థ్యం 240 మెగావాట్లు, దిగువ సీలేరుది 460. విశాఖ ఫ్యాక్టరీల తొలి రోజుల వెలుగులో ఈ గెడ్డ వాటా పెద్దది. ఆ తీగలు మా ఊరి మీదుగానే పోయేవి. మా ఇంట్లో బల్బు వెలిగింది మాత్రం నేను హాస్టల్ చదువు ముగించాకే.

మునిగిన ఊళ్ల లెక్క ఎంత? ఒడిశా పరిశోధకుల అధ్యయనాల్లో మాచ్‌ఖండ్ ప్రాజెక్టు వల్ల నిర్వాసితులైన కుటుంబాలు సుమారు 2,900 అని కనిపిస్తుంది. అందులో సగం మంది ఆదివాసులు. పునరావాసం దక్కింది 600 కుటుంబాలకు. మిగతావారు ఏమయ్యారో లెక్కల్లో లేదు, ఊళ్లలో ఉంది. కొందరు ఇంకా పైకి, కొండవాలుకు జరిగారు. కొందరు అవతలి ఒడ్డుకు పోయారు. పల్లపు వరి మళ్లు నీళ్లలోకి పోయాక పోడు మీద బరువు పెరిగింది. తర్వాతి రోజుల్లో 'ఆదివాసులు అడవి నరుకుతున్నారు' అన్నవాళ్లెవరూ వాళ్ల మళ్లు ఎక్కడికి పోయాయని అడగలేదు.

నీరు నిలిచాక అంతకుముందు లేని ఇంకో చిక్కు వచ్చింది. జలాశయం పళ్లెంలా ఒకచోట ఉండదు. కొండల మధ్య లోయలన్నిట్లోకి వేళ్లలా చొచ్చుకుపోతుంది. నిన్న నడిచి దాటిన మేర ఈరోజు లోతైన నీరు. అరగంట నడక దూరంలోని సంతకు చుట్టూ తిరిగి పోవాలంటే సగం రోజు. కొన్ని ఊళ్లు మూడు వైపులా నీళ్లతో మిగిలాయి, కొన్ని లంకలే అయిపోయాయి. బియ్యానికి, ఉప్పుకి, ఆసుపత్రికి, బడికి, చావు కబురు చెప్పడానికి, అన్నిటికీ నీరు దాటాలి. కట్ట కట్టినవాళ్లు పడవ ఇవ్వలేదు. మనవాళ్లు చెట్టు దగ్గరకు పోయారు.

దోనె చేయడం నేను నా పదేళ్ల వయసులో చూశాను. ముందు మాను ఎంపిక. నిటారుగా ఉండాలి, బొరియ ఉండకూడదు, చీలే గుణం ఉండకూడదు. తాత చెట్టు చుట్టూ తిరిగి, గొడ్డలి మడమతో అక్కడక్కడా కొట్టి, చెవి పెట్టి విన్నాడు. డొల్ల శబ్దం వస్తే వదిలేసేవాడు. కొట్టాక మానును అక్కడే అడవిలో సగం తొలిచారు, బరువు తగ్గితే మోయడం తేలికని. ముందు గొడ్డలితో పెద్ద ముక్కలు లేపి, ఆపైన బాడిసెతో లోపలంతా చెక్కుకుంటూ వచ్చారు. కష్టమంతా మందం దగ్గర. గోడ మరీ పలుచనైతే ఎండకు పగులుతుంది. మందంగా ఉంటే మునిగి నడుస్తుంది. కొలత బద్ద లేదు. లోపల ఒక అరచెయ్యి, బయట ఒక అరచెయ్యి పెట్టి, తట్టి, మందం చెప్పేవాడు. అడుగు భాగం పక్కలకన్నా మందంగా ఉంచడం, రెండు కొసలూ కొంచెం పైకి లేపడం, ఇవన్నీ ఆయన చేతికే తెలుసు. చివర్న పదిహేను మంది తాడు కట్టి లాగితే గెడ్డకు చేరింది. నీళ్లలోకి దించేముందు కోడిని కోశారు.

తోలడం ఇంకో విద్య. లోతు తక్కువ చోట గెడతో, లోతు చోట తెడ్డుతో. దోనె అడుగు గుండ్రంగా ఉంటుంది కాబట్టి ఒళ్లు ఒక పక్కకు వాలితే అదీ వాలుతుంది. అందుకే తోలేవాడు వెనక కొసన మోకాళ్ల మీద కూర్చుంటాడు, బరువు కిందికి దిగేలా. ఒలింపిక్స్ కెనూ పోటీలు టీవీలో వచ్చినప్పుడు చూడండి. వాళ్లూ ఒక మోకాలు ఆన్చి, ఒంటి రెక్క తెడ్డుతో, ఒకే పక్కన వేస్తూనే దారి తప్పకుండా పోతారు. ఒకే పక్కన తెడ్డు వేస్తే పడవ రెండో పక్కకు తిరగాలి. అలా తిరగకుండా, తెడ్డు నీళ్లలోంచి తీసేముందు మణికట్టుతో చిన్న మెలిక తిప్పుతారు. ఆ మెలిక మా తాత వేసేవాడు. దానికి ఇంగ్లీషులో పేరుందని నాకు ముప్పై ఏళ్లు దాటాక తెలిసింది. కయాక్‌లో కూర్చుని కాళ్లు ముందుకు చాపుతారు, తెడ్డుకు రెండు వైపులా రెక్కలుంటాయి. అదీ తేడా.

చేపల సంగతి కూడా మారిపోయింది. పారే నీటిలో, గులకరాళ్ల మీద గుడ్లు పెట్టే మహాసీర్ లాంటి చేపలకు నిలిచిన నీరు పడదు. కట్ట అడ్డం వస్తే ఎగువకు ఈదే దారి కూడా పోతుంది. వాటి చోటులోకి బొచ్చె, శీలావతి, ఎర్రమోసు వచ్చాయి. ఇవి నిలిచిన నీటిలో బాగా పెరుగుతాయి గాని గుడ్లు పెట్టాలంటే వీటికీ వాననీటి పారుదల కావాలి. అందుకే జలాశయాల్లో ఎప్పటికప్పుడు పిల్లలను వదులుతారు. ఆ పిల్లలు ఎవరు వదలాలి, పెరిగిన చేప ఎవరు పట్టాలి అన్న దగ్గర తగవు మొదలవుతుంది. ఇక వెదురు మావు లోతు నీళ్లలో పనికిరాదు. నైలాను వల వచ్చింది. సాయంత్రం దోనెలో పోయి వల దించి, తెల్లవారకముందే పోయి ఎత్తాలి. చలికాలం ఆ నీటి మీద పొగమంచు ఎంత దట్టమంటే ముందు కొస కనిపించదు. ఒడ్డున కుక్క అరుపు విని దిక్కు పట్టేవారు. ఆ వీడియోలో ఎర్ర కయాక్ అతను పొగమంచులో ఫొటోకు చిరునవ్వు నవ్వాడు. మా తాతకు అది పనివేళ.

ఇదంతా చదివి దోనెను నేను ఆకాశానికి ఎత్తుతున్నాననుకోవద్దు. మా మేనత్త ఈ నీళ్లలోనే పోయింది. సంత రోజు సాయంత్రం. దోనెలో నలుగురు కూర్చోవలసిన చోట ఏడుగురు, రెండు బియ్యం మూటలు. నీటి అంచుకు దోనె అంచుకు మధ్య జానెడు కూడా లేదు. నడిమిలో గాలి లేచింది. ఒకామె భయపడి లేచి నిలబడింది. అంతే. ముగ్గురు ఒడ్డు చేరారు, ముగ్గురిని వేరే దోనె వాళ్లు లాగారు. మా అత్త మరునాడు దొరికింది. ఆమెకు ఈత వచ్చు. నడుముకు కట్టుకున్న మూట లాగేసింది. పేపర్లో 'నాటు పడవ బోల్తా' అని నాలుగు లైన్లు వచ్చింది. మత్స్యగెడ్డ మీద అలాంటి వార్తలు మీరూ చదివే ఉంటారు. ప్రతిసారీ తప్పు దోనెదే అన్నట్టు రాస్తారు. వంతెన ఉంటే ఆ ఏడుగురూ దోనె ఎక్కేవారు కాదు. లైఫ్ జాకెట్ ఉంటే అత్త బతికేది. ఈ రెండు మాటలూ ఆ నాలుగు లైన్లలో ఉండవు.

వంతెన రాకపోదు. దిగువన బలిమెల జలాశయం వెనక 151 ఊళ్లు నాలుగైదు దశాబ్దాలు బయటి లోకంతో తెగిపోయి ఉన్నాయి. ఒడిశాలో వాటిని 'కటాఫ్ ఏరియా' అనే పిలిచేవారు, ఊళ్లకు పేర్లు లేనట్టు. 2018 జులై 26న అక్కడ 910 మీటర్ల గురుప్రియ వంతెన తెరిచారు. లాంచీ కోసం రేవులో గంటలు కాచుకున్న జనం మొదటిసారి బస్సులో దాటారు. మన వైపూ కొన్ని చోట్ల వంతెనలు పడ్డాయి, ఇంకా పడాలి. పడాలనే నేనూ కోరుకుంటాను. వంతెన పడ్డ ఊళ్లో దోనె చేసే చెయ్యి మాత్రం ఆ తరంతోనే ఆగిపోతుంది. మా ఊళ్లో ఇప్పుడు బాడిసె పట్టి మందం చూడగలిగినవాడు ఒక్కడే ఉన్నాడు. ఆయన కొడుకులిద్దరూ విశాఖలో సెక్యూరిటీ ఉద్యోగాలు.

ఇంకో దారి కూడా ఉందని చెప్పే ఒక ఉదాహరణ ఉంది. మణిపుర్‌లో లోక్‌తక్ సరస్సు. అక్కడా కరెంటు కోసం 1983లో ఇథాయి బ్యారేజీ కట్టారు. నీటిమట్టం పెరిగి చుట్టుపక్కల పొలాలు మునిగాయి. మన కథే. ఆ సరస్సు దగ్గర చేపలు పట్టే ఇంట్లో పుట్టిన సునీల్ సింగ్ సలాం, ఉత్తరాఖండ్ కుర్రాడు అర్జున్ సింగ్‌తో కలిసి 2023 అక్టోబరులో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఇద్దరి కెనూ 1000 మీటర్ల పోటీలో కాంస్యం తెచ్చాడు. ఈ ఆటలో ఆసియా క్రీడల పతకం మన దేశానికి 1994 తర్వాత మళ్లీ అప్పుడే. ఆడపిల్లలకూ ఒక మాట. ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకు కెనూ పోటీలు పెట్టింది టోక్యోలో, అంటే 2021లో. మన గెడ్డ మీద ఆడవాళ్లు సంతకూ పొలానికీ దోనె తోలుకుపోవడానికి ఎవరి అనుమతీ అడగలేదు.

ఈ మధ్య కొండ జలాశయాల మీద అందరి కళ్లూ పడ్డాయి. లంబసింగికి వచ్చేవాళ్లు తాజంగి జలాశయంలో బోటు షికారు చేస్తున్నారు. రేపు మన నీళ్ల మీదికీ రంగురంగుల కయాక్‌లు రావచ్చు. వస్తే టికెట్ కౌంటర్‌లో ఎవరు కూర్చుంటారు, లైఫ్ జాకెట్ కట్టి ముందు నడిచే గైడు ఎవరు, వల వేసుకునే రేవుకు తాడు కట్టి 'ప్రవేశం లేదు' అని బోర్డు పెడితే ఎవరిని అడగాలి? దీనికి ఒక ఆధారం చట్టంలోనే ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం 3(1) సెక్షన్‌లో, అడవిలోని నీటి వనరుల్లో చేపల మీదా ఇతర ఉత్పత్తుల మీదా సామూహిక హక్కును స్పష్టంగా రాశారు. పోడు పట్టాలకు పెట్టుకున్నన్ని దరఖాస్తులు ఈ హక్కుకు మనం పెట్టుకోలేదు. గ్రామసభలో ఈ మాట ఎత్తినప్పుడు 'ఎన్నేళ్ల నుంచి పడుతున్నారు, ఏ రేవులో, ఎలా' అని అడుగుతారు. జవాబు పెద్దల నోట్లో ఉంది, కాగితం మీద లేదు. పెద్దలు చెప్పిన మాట రాసి పెట్టినా అది సాక్ష్యంగా పనికొస్తుందని ఆ చట్టం కింద వచ్చిన నియమాలే చెబుతున్నాయి.

అందుకని మొన్న దసరా సెలవుల్లో ఆ తమ్ముణ్ని వెంటబెట్టుకుని మా ఊరు పోయాను. తాత పోయి పన్నెండేళ్లు. ఆయన చేసిన దోనె పెరట్లో ఉంది. ఒక పక్క పగిలింది, పందులకు కుడితి పోస్తున్నారు. కుడితి కడిగి, తిరగేసి, టేపు పెట్టి కొలిచాం. పొడవు పదిహేను అడుగులకు ఒక జానెడు తక్కువ. వాడు లోపలా బయటా అరచేతులు పెట్టి మందం చూడబోయాడు, ఏమీ తెలియలేదన్నాడు. అప్పుడు బాడిసె పెద్దాయన్ని పిలుచుకొచ్చాం. ఆయన దోనె పక్కన గొంతుక్కూర్చుని, వాడి చెయ్యి పట్టుకుని అడుగు భాగం మీద ఒకచోట పెట్టి తట్టించాడు, తర్వాత పక్క గోడ మీద తట్టించాడు. "విన్నావా?" అన్నాడు. తమ్ముడు ఫోన్‌లో రికార్డింగ్ నొక్కి, "ఇంకోసారి తట్టు తాతా" అన్నాడు.